కుంచెతో వ్రాసిన ప్రతులు

తాళపత్ర గ్రంథములను చూచినవారికి ఒక సంగతి తెలిసియుండును. గ్రంథము ముగిసిన తరువాత చివరి ఆకుమీద లేఖకుడు తన పేరును, వ్రాసిన తిథివారములను చెప్పుకొని, తాను చూచిన ప్రతిలో ఎట్లున్నదో అట్లే వ్రాసితిననియు, తప్పులున్నచో పెద్దలు మన్నింపవలెననియు వేడుకొనును. మన ప్రాచీన కవి స్వహస్తముతో వ్రాసిన మొదటి ప్రతి మనకు దొరకుట చాల అరుదు. నన్నయ భారతము నేడు మనకు లభించుచున్నదన్నచో, అది ప్రతికి ప్రతి వ్రాసిన లేఖకుల చలువయే. అయినను మనకు నన్నయ లేడని ఎవరును అనరు.

చిత్రకళ మాట వచ్చునప్పటికి మన తీరు మారిపోవును. ‘ఇది అసలు చిత్రము కాదు, దానిని చూచి వేసిన నకలు’ అని చెప్పగానే చూచువాని ముఖము చిన్నబోవును. ఒక్క క్షణము క్రితము అందముగా తోచిన చిత్రమే వెలవెలబోయినట్లు కనిపించును. ఈ చిన్నచూపు ఎంతవరకు న్యాయము? ఐరోపా చిత్రకారులు తమ ప్రాచీన పురాణకథలను ఆధారము చేసికొని వ్రాసిన రెండు చిత్రముల చరిత్రను తీసికొని ఈ ప్రశ్నను విచారింతము. మొదటి చిత్రపు మాతృక నశించినది. ప్రతులు మాత్రమే మిగిలినవి. రెండవదాని మాతృకయు, మరియొక మహాచిత్రకారుడు వ్రాసిన ప్రతియు రెండును నేటికిని నిలిచియున్నవి.

పదునైదు, పదునారవ శతాబ్దులలో ఇటలీదేశమున ప్రాచీన గ్రీకు, లాటిను విద్యలు పునరుజ్జీవము పొందినవి. రెండువేల యేండ్ల క్రిందటి రోమను కవి ఓవిడ్ రచించిన ‘మెటమార్ఫసిస్’ అను రూపపరివర్తన కథల కావ్యము చిత్రకారులకు నిత్యపారాయణ గ్రంథమైనది. దేవతలు హంసగా, వృషభముగా, బంగారు వానగా మారి భూమికి దిగివచ్చెడి కథలు వారి కుంచెలకు పని కల్పించినవి. ఆ కాలముననే తైలవర్ణముల పద్ధతియు ఇటలీలో స్థిరపడినది. నూనెలో నూరిన రంగు మెల్లగా ఆరును గనుక దానిని కోరినట్లు కలుపవచ్చును, పొరమీద పొర వేయవచ్చును. చర్మపు వన్నెను, నీటి తళుకును, పట్టుబట్ట నిగనిగను ఆ పద్ధతి చూపినట్లు అంతకుముందున్నది చూపలేకపోయినది.

ఒక ప్రభువు మందిరములో ఇట్టి చిత్రము వెలసినదన్నచో, పొరుగు ప్రభువునకు అటువంటిదే కావలెనను కోరిక పుట్టెడిది. రాగిరేకుపై చెక్కి అచ్చువేసిన బొమ్మలు అప్పుడును ఉండెను గాని, వానిలో గీతలే తప్ప రంగులు లేవు. రంగుల చిత్రము మరియొక గోడమీదికి పోవలెనన్నచో చేతితో తిరిగి వ్రాయుట ఒక్కటే మార్గము. కొన్ని ప్రతులను చిత్రకారుడు తానే వ్రాసెడివాడు. కొన్నింటిని శిష్యులు వ్రాయగా గురువు చివర మెరుగులు దిద్దెడివాడు. మరికొన్ని ఇతరులు ఎక్కడికో వెళ్లి, చూచి, వ్రాసికొని వచ్చినవి. ఈ మూడు తెగలను ఒకే గాటను కట్టి ‘నకలు’ అనుట సరికాదు.

ఇక మొదటి చిత్రపు కథ. స్పార్టా రాజ్యపు రాణి లీడా. దేవరాజైన జూపిటరు హంసరూపమున ఆమెను చేరెననియు, ఆమెకు పుట్టిన గ్రుడ్లనుండి కాస్టరు, పోలక్సు అను కవలలును, హెలెను, క్లిటెమ్నెస్ట్రాలును జన్మించిరనియు పురాణగాథ. ఆ హెలెను మూలముననే ట్రాయి యుద్ధము జరిగినది. ఈ కథను లియొనార్డో డా విన్చీ 1504 ప్రాంతమునుండి మనసులో పెట్టుకొని అనేక చిత్తురేఖలు గీచెను. లీడా జడల అల్లికను పలువైపులనుండి చూచి గీచిన కాగితములు ఇంగ్లండులోని విండ్సరు రాజభవన సంగ్రహములో నేటికిని ఉన్నవి. తుదకు కొయ్యపలకపై నిలుచున్న లీడా చిత్రము రూపొందినది.

ఆ చిత్రము ఫ్రాన్సు రాజుల ఫాంటెన్‌బ్లో మందిరము చేరినది. 1625లో కస్సియానో దాల్ పొట్సో అను ఇటలీ పండితుడు దానిని అక్కడ చూచి తన దినచర్యలో వర్ణించెను. మూడు పొడవైన పలకలను జోడించి చేసిన ఆ ఫలకము అప్పటికే అతుకులవద్ద విడిపోయి, రంగు రాలుచుండెనట. పదునేడవ శతాబ్దపు చివరనాటి జాబితాలలో దాని పేరు కనిపించును. ఆపైన దాని జాడ లేదు. పగిలిపోయినదో, పారవేసిరో, కాల్చివేసిరో చెప్పుటకు సాక్ష్యము లేదు.

అయినను నేడు లియొనార్డో లీడా ఎట్లుండెడిదో మనకు చాలవరకు తెలియును. తెలిపినవి ప్రతులే. ఫ్లోరెన్సులోని ఉఫీజీ చిత్రశాలలో ఒకటి, రోములోని బోర్గీజ్ చిత్రశాలలో ఒకటి, ఇంగ్లండులోని విల్టన్ భవనములో ఒకటి — ముఖ్యమైనవి ఈ మూడు. విల్టన్ ప్రతిని లియొనార్డో అనుయాయియైన చెజారే దా సెస్తో వ్రాసెనని పండితుల అభిప్రాయము. ఇవిగాక, ఫ్లోరెన్సులో యౌవనమున నున్న రాఫేలు ఆ రూపకల్పనను చూచి కలముతో గీచికొన్న రేఖాచిత్రమొకటి విండ్సరులోనే కలదు.

ఈ ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో మన కావ్యపరిష్కర్తల పని జ్ఞప్తికి వచ్చును. వెనుకనున్న కొండలు, చెట్లు, ఇండ్లు ఒకదానిలో ఒకరీతిగను, మరియొకదానిలో మరియొకరీతిగను ఉన్నవి. వాటిని లేఖకుని స్వకపోలకల్పనలుగా ఎంచవచ్చును. కాని లీడా నిలుచుండిన భంగిమ, నేలవైపు వాలిన చూపు, హంస మెడను చుట్టిన చేతులు, ఆమె నడుమును కప్పిన హంస రెక్క, పాదములచెంత గ్రుడ్లనుండి వెలువడిన శిశువులు — ఇవి ప్రతులన్నింటను ఇంచుమించు ఒక్కటే. రాఫేలు గీచిన రేఖలును ఆ భంగిమనే సమర్థించుచున్నవి. అన్ని ప్రతులకును సామాన్యమైన పాఠమే మూలపాఠమని పరిష్కర్తలు నిర్ణయించినట్లు, అందు కనిపించు రూపమే లియొనార్డోది అని నిర్ణయింపవచ్చును. సి. పి. బ్రౌను పండితులను కూర్చుండబెట్టి, తెలుగు కావ్యముల ప్రతులను అనేకములు తెప్పించి, పాఠములను సరిచూపించిన పద్ధతియే ఇక్కడ చిత్రములకు వర్తించినది. ఏ ఒక్క ప్రతియు లియొనార్డోతో సమానము కాదు. అన్నియు కలిసి లియొనార్డో చిత్రమునకు సాక్ష్యము పలుకుచున్నవి.

విచిత్రమేమన, మైకెలాంజెలో లీడాకును ఇదే గతి పట్టినది. ఫెరారా ప్రభువైన అల్ఫాన్సో కొరకు 1530లో ఆయన ఆ చిత్రమును వ్రాసెను. తీసికొనిపోవుటకు వచ్చిన రాజప్రతినిధి మాట ఆయనకు నచ్చలేదు. చిత్రమును ఆ ప్రభువున కీయక, తన శిష్యుడైన అంటోనియో మీనీకి ఇచ్చివేసెను. శిష్యుడు దానిని ఫ్రాన్సుకు కొనిపోయెను. అదియు ఫాంటెన్‌బ్లో చేరి, పిమ్మట అదృశ్యమైనది. అసభ్యమను నెపముతో దానిని తగులబెట్టించిరని చెప్పుదురు. దానిని చూచి ఎవరో వ్రాసిన తైలవర్ణపు ప్రతి లండను నేషనల్ గేలరీలో ఉన్నది. ఆ వ్రాసినవాని పేరు మనకు దక్కలేదు. తన పేరును పోగొట్టుకొని గురువు పనిని నిలిపిన ఆ అజ్ఞాత లేఖకునకు మనము ఋణపడియున్నాము.

మాతృక పోయినపుడు ప్రతికి విలువ వచ్చుట సహజమే. మాతృక కళకళలాడుచు ఎదుటనే ఉండగా ప్రతి యెందుకు? రెండవ కథ ఈ ప్రశ్నకు సమాధానము.

వెనిసు నగరపు మహాచిత్రకారుడు టిషియన్, స్పెయిను రాజైన రెండవ ఫిలిప్పు కొరకు పదేండ్లకు పైగా శ్రమించి ఆరు పురాణచిత్రములను వ్రాసి పంపెను. వానిని ఆయన ‘కవితలు’ అని పిలుచుకొనెను. వానిలో 1562లో ముగిసినది ‘యూరోపా అపహరణము’. ఫినీషియా రాజకుమారి యూరోపా చెలికత్తెలతో సముద్రతీరమున ఆడుకొనుచుండగా జూపిటరు తెల్లని వృషభమై వచ్చెను. ఆమె ముచ్చటపడి దాని వీపుపై కూర్చుండెను. అది ఒక్క ఉదుటున సముద్రమున దుమికి, ఆమెను క్రీటు ద్వీపమునకు కొనిపోయినది. ఐరోపాఖండమునకు ఆమె పేరే వచ్చినదందురు. టిషియన్ చిత్రములో యూరోపా వృషభము వీపుపై వెల్లకిల పడి, ఒక చేత కొమ్మును పట్టుకొని, మరియొక చేత ఎఱ్ఱని వస్త్రమును గాలిలో ఎగురవేయుచుండును. దూరమున తీరముపై చెలికత్తెలు చిన్నచిన్న రంగుమరకలవలె కనిపింతురు. దగ్గరనుండి చూచినచో అంతయు కుంచె విసురులే. నాలుగడుగులు వెనుకకు జరిగినచో సముద్రము కదలుచున్నట్లుండును.

టిషియన్ 1576లో మరణించెను. ఆ మరుసటి సంవత్సరము ఫ్లాండర్సు వంశమున రూబెన్స్ జన్మించెను. ఒకరినొకరు చూచుకొను అవకాశమే లేదు. 1628లో రూబెన్స్ రాయబార కార్యముపై మాడ్రిడు నగరమునకు వచ్చెను. అప్పటికి ఆయన వయస్సు ఏబదియొక్క యేండ్లు. ఐరోపాలోని రాజులందరును ఆయన చిత్రము కొరకు కాచుకొని యుండెడి కాలము. అట్టివాడు నాలుగవ ఫిలిప్పు మందిరములో టిషియన్ చిత్రముల యెదుట విద్యార్థివలె పీట వేసికొని కూర్చుండి, ఇంచుమించు ఎనిమిది నెలల ఆ మకాములో ఒకదాని వెంట ఒకటిగా వానికి ప్రతులు వ్రాసికొనెను. యూరోపాను దాదాపు మాతృక పరిమాణముననే వ్రాసెను. వానిని అమ్ముకొనుటకు వ్రాయలేదు. ఇంటికి తీసికొనిపోయి, 1640లో కన్నుమూయువరకు తన యొద్దనే ఉంచుకొనెను.

ద్రోణుని ప్రతిమ ముందు నిలిచి విలువిద్య నేర్చిన ఏకలవ్యుడు మనకు తెలిసినవాడే. అతడు ఏమియు లేనివాడు గనుక అట్లు నేర్చుకొనెను. సర్వమును సాధించిన పిదప ఏకలవ్యుడైనవాడు రూబెన్స్.

ఆ రెండు చిత్రములను పోల్చి చూచినచో ఇంకొక సత్యము బోధపడును. కూర్పు అంతయు ఒక్కటే. మూర్తులు, భంగిమలు, వస్త్రపు మడతలు అన్నియు అక్కడివి అక్కడనే ఉన్నవి. కాని టిషియన్ కరిగించి వదలిన అంచులను రూబెన్స్ గట్టిపరచెను. శరీరములకు నిండుదనము తెచ్చెను. ఎంత వినయముతో వ్రాసినను చేతివ్రాత దాగలేదు. రూబెన్స్ దానిని దాచవలెనని కోరనును లేదు. త్యాగరాజస్వామి కీర్తనను వాలాజాపేట శిష్యుల బాణీలో విన్నను, ఉమయాళ్పురము శిష్యుల బాణీలో విన్నను కీర్తన త్యాగరాజుదే. సంగతులు మాత్రము పాడినవారి గొంతుకను, వారి సంప్రదాయమును పట్టి ఉండును. రేడియోలో ఒకే కీర్తనను పదిమంది విద్వాంసులనోట విని ఆనందించెడి శ్రోతలకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

రూబెన్స్ మరణానంతరము ఆయన సొత్తును అమ్మినపుడు నాలుగవ ఫిలిప్పు ఆ యూరోపా ప్రతిని కొనెను. మాతృక ఉన్న నగరమునకే ప్రతియు తిరిగివచ్చినది. మరి కొన్నియేండ్లకు, 1655-1660 ప్రాంతమున, ఆ రాజు ఆస్థానచిత్రకారుడైన వెలాస్క్వెజ్ ‘నూలు వడకువారు’ అని ప్రసిద్ధికెక్కిన చిత్రమును వ్రాసెను. ముందుభాగమున స్త్రీలు రాట్నము త్రిప్పుచుందురు. వెనుక గదిలో గోడపై ఒక చిత్రకంబళము వ్రేలాడుచుండును. దానిపై నేసిన బొమ్మ టిషియన్ యూరోపాయే. చాలకాలము ఇది నేతశాలలోని సామాన్యదృశ్యమని అందరును భావించిరి. 1664నాటి ఒక పాత జాబితాలో దీనికి ‘అరాక్నె కథ’ అను పేరున్నట్లు 1948లో వెల్లడియైనది. ఓవిడ్ కావ్యములో అరాక్నె అను నేతకత్తె మినర్వాదేవితో పోటీపడి నేసిన బట్టమీద మొట్టమొదటి బొమ్మ యూరోపాదే! కవి పద్యములో చెప్పిన బొమ్మను టిషియన్ రంగులలో పెట్టెను. రూబెన్స్ దానికి ప్రతి వ్రాసెను. వెలాస్క్వెజ్ దానిని మరల నేతబట్టగా చిత్రించి కథలోనికే తిరిగి పంపెను. ప్రతి అనునది జీవములేని అనుకరణమే అయినచో ఇంత జరుగునా?

తరువాత అదృష్టచక్రము తిరిగినది. పదునెనిమిదవ శతాబ్దారంభమున టిషియన్ మాతృక స్పెయినును వదలి ఫ్రాన్సు చేరినది. ఆ శతాబ్దాంతమున ఇంగ్లండునకు పోయినది. 1896లో అమెరికాలోని బోస్టను నగరమునకు చెందిన ఇసబెల్లా స్టువర్ట్ గార్డ్‌నర్ దానిని కొని, పిమ్మట తాను స్థాపించిన మ్యూజియములో ఉంచెను. 1734 డిసెంబరు 24 రాత్రి మాడ్రిడు రాజభవనము తగులబడి వందలకొలది చిత్రములు బూడిదయైనవి. టిషియన్ చిత్రములలో కొన్ని అప్పుడే పోయినవి. బోస్టనులోను భయము లేకపోలేదు. 1990 మార్చి 18న పోలీసుల వేషములో వచ్చిన దొంగలు ఆ మ్యూజియమునుండి పదమూడు కళాఖండములను ఎత్తుకొనిపోయిరి. అవి నేటివరకు దొరకలేదు. ఖాళీచట్రములు గోడలపై వ్రేలాడుచున్నవి. యూరోపా మాత్రము చెక్కుచెదరలేదు. రూబెన్స్ ప్రతి మాడ్రిడులోని ప్రాడో మ్యూజియములో స్థిరముగా నున్నది. 2021లో టిషియన్ పురాణచిత్రముల ప్రదర్శనము ప్రాడోలో జరిగినపుడు మాతృక బోస్టనునుండి వచ్చి తన ప్రతిని, వెలాస్క్వెజ్ చిత్రమును కలిసికొన్నది. వేరుపడిన బంధువులు పెండ్లిపందిట కలిసినట్లయినది.

ప్రతి వ్రాయుటలో ఇంత విద్య యున్నదా అని ఎవరైన అడుగవచ్చును. చేసి చూచినగాని అది తెలియదు. మాతృకపైని గళ్లను ఊహించుకొని, కాన్వాసుపై అట్టి గళ్లే గీచి, ఏ గడిలో ఏ రేఖ పడునో చూచి తీసికొనుట మొదటి మెట్టు. నిజమైన పరీక్ష రంగులవద్ద వచ్చును. పైకి ఒకే ఎరుపుగా కనిపించునది అడుగున మట్టిరంగు, దానిపై ముదురు ఎరుపు, ఆపైన పలుచని నూనెరంగు పూత కావచ్చును. పైరంగును మాత్రము చూచి పూసినచో ఆ కాంతి రాదు. గురువు ఏది ముందు వేసెను, ఎంత ఆరనిచ్చెను, ఎక్కడ కుంచె వదలి వ్రేలితో అద్దెను అని వెనుకనుండి ముందునకు ఆలోచింపవలెను. అనగా ప్రతి వ్రాయువాడు చూచినదానికంటె ఎక్కువ ఊహింపవలసియుండును.

అందుచేతనే పారిసు నగరమున 1793లో లూవ్రు మ్యూజియము తెరచినపుడు చిత్రకారులు వచ్చి ప్రతులు వ్రాసికొనుటకు ప్రత్యేకముగా దినములు కేటాయించిరి. ఆ ఆచారము నేటికిని ఉన్నది. ఎదువార్ మానే యౌవనమున ఇటలీకి పోయి టిషియన్ ‘ఉర్బినో వీనసు’ను చిన్నప్రతిగా వ్రాసికొనెను. 1863లో ఆయన వ్రాసిన ‘ఒలింపియా’, ఆ వీనసు భంగిమనే తీసికొని, దేవతకు బదులు తన కాలపు పారిసు స్త్రీని చూపి లోకమును కలవరపెట్టినది. కొత్తదారి తొక్కినవాడును మొదట పాతదారిలో అడుగులో అడుగు వేసి నడచినవాడే.

ప్రతికిని మోసమునకును నడుమ గీత ఎక్కడ? అది కుంచెలో లేదు, చెప్పెడి మాటలో ఉన్నది. లూవ్రులో ప్రతి వ్రాయువారు మాతృక కొలతలో వ్రాయరాదు, అయిదవ వంతైనను పెద్దదిగనో చిన్నదిగనో ఉండవలెను. మాతృకపై నున్న సంతకమును దింపరాదు. పూర్తియైనపిదప కాన్వాసు వెనుక ముద్ర వేయించుకొనవలెను. ‘నేను ప్రతిని’ అని తాను చెప్పుకొనునంతవరకు ప్రతి నిజాయితీ గలది. ఆ మాట దాచిననాడు అదే కూటచిత్రమగును. తన పేరు వ్రాసి క్షమాపణ కోరిన మన తాళపత్ర లేఖకుడు ఈ నియమమును ఎవరును చెప్పకయే పాటించెను.

మన దేశమున రాజా రవివర్మ తైలవర్ణములలో మన పురాణకథలను వ్రాసి, 1894లో బొంబాయిలో అచ్చుయంత్రము స్థాపించి, ఆ చిత్రములను ఇంటింటికి పంచిపెట్టెను. తాతలనాటి గోడలపై శకుంతలను, సరస్వతిని చూచి పెరిగినవారు ఈ మాటలు వినుచున్నవారిలో కొందరైన ఉందురు. ఆ ఉపకారము చిన్నది కాదు. అచ్చుబొమ్మ గ్రామఫోను రికార్డు వంటిది. వేయి యిండ్లలో ఒకేరీతిగా పాడును. చేతిప్రతి శిష్యుని పాట వంటిది; పాడిన ప్రతిసారియు ఒక మనిషి ఆ విద్యను తిరిగి నేర్చుకొనును. నేడు చైనాలోని షెన్‌జెన్ నగరమున దాఫెన్ అనుచోట ప్రసిద్ధ తైలచిత్రములకు చేతిప్రతులు వ్రాయుట పెద్ద వర్తకమైనది. అందులో తొందరపని కొంత ఉండవచ్చును. ఐనను వానిని వ్రాయుచున్న చేతులు మనుష్యులవే గనుక, ఆ చేతులలో ఏ ఒక్కటియు రూబెన్స్ కూర్చుండిన పీటపై కూర్చుండదని చెప్పుటకు మనమెవరము?

ఇకమీదట ఏ చిత్రశాలలోనైన చట్రము క్రింది చీటీమీద ‘ఫలానావారి చిత్రమునకు ప్రతి’ అని కనిపించినచో, ముఖము త్రిప్పుకొని ముందునకు పోవలదని నా మనవి. దీని మాతృక ఎక్కడ నున్నది, అసలు ఉన్నదా, దీనిని వ్రాసినవాడు ఏమి నేర్చుకొనుటకు వ్రాసెను అని ఒక్క నిమిషము ఆలోచింపుడు. రెండు లీడాలు మట్టిలో కలిసినవి. వారి రూపములను మనవరకు మోసికొనివచ్చినవారిలో ఒకరిద్దరి పేర్లు మాత్రమే మనకు తెలియును. మిగిలినవారు చూచినది చూచినట్లు వ్రాసి, చేతులు తుడుచుకొని వెళ్లిపోయిరి.